నలభై రెండు అద్దపు పట్టీలు

భూమి నలభై సెకన్లపాటు కంపించింది. ఆ నలభై సెకన్లలో అద్దాల మేస్త్రి గారి ముప్పై ఏళ్ల సామ్రాజ్యం అస్తమించింది.

సామ్రాజ్యమన్న మాట ఆయనదే. దారిన పోయేవాళ్ల కంటికి అది వీధి మలుపులో పదడుగుల వెడల్పున్న కొట్టు మాత్రమే. గోడ పొడవునా చెక్క చట్రాలలో నిలువుగా పేర్చిన కిటికీ అద్దాలు, నడుమ పాత కంబళి పరిచిన కోత బల్ల, మేకుకు వేలాడే, అద్దం కోసే వజ్రపు కలం, మూలన తడిగుడ్డ కప్పుకుని కూర్చున్న లప్పం డబ్బా. సుద్దపొడిలో అవిసె నూనె పోసి అరగంటసేపు అరచేత్తో పిసికితే తయారయ్యే మెత్తని ముద్ద లప్పం. కిటికీ చట్రంలో అద్దాన్ని పట్టి ఉంచేది అదే. ఆ ముద్దను పిసకడంలో తనను మించినవాడు లేడని మేస్త్రి గారికి గట్టి నమ్మకం. పోటీకి ఎవరూ రాకపోవడం వల్ల ఆ నమ్మకానికి ఇంతవరకూ భంగం కలగలేదు.

భూకంపంలో ఊళ్లో ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి విరిగింది. ఒకరికి పిట్టగోడ, ఒకరికి మెట్లు, ఒకరికి ముంజేయి. ఊరి అవతలి వైపు వీధుల్లో ప్రాణాలే పోయాయి. ఆ సంగతి మాట్లాడేటప్పుడు మేస్త్రి గారంతటి మాటకారి కూడా గొంతు తగ్గించేవారు. ఆయన వీధిలో మాత్రం, జనమంతా పనుల మీద బయట ఉన్న వేళ కావడంతో, మనుషులందరూ మిగిలారు. కాని సరుకు ఒక్క పలకైనా మిగలకుండా పోయింది ఆయన ఒక్కరికే. విరగడానికే పుట్టిన వస్తువుతో ముప్పై ఏళ్లు కాపురం చేసి, ఇలాంటి రోజొకటి వస్తుందని కలలోనైనా అనుకోని తన దూరదృష్టికి ఆయన తానే జోహారు చెప్పుకున్నారు.

వీధిలోని నలభై రెండు ఇళ్లూ నిలబడే ఉన్నాయి. నిలబడిన తీరే ఎవరికీ నచ్చలేదు. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక గోడ నోరు తెరిచింది. దాంతో నలభై రెండు కుటుంబాలూ బడి ఆటస్థలంలో వేసిన డేరాల్లోకి చేరాయి. ఆ డేరాల రాజ్యానికి రిటైరైన హెడ్మాస్టరు గారు తనను తానే అధ్యక్షుడిగా ఎన్నుకుని, మెడలో ఈల వేసుకుని, కుళాయి దగ్గర నీళ్లకు వచ్చినవాళ్లను ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టడం మొదలుపెట్టారు.

వారం తిరిగేసరికి మునిసిపాలిటీ నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. కళ్ల కింద నల్లని చారలు, చేతిలో రాత అట్ట, బూట్ల నిండా సున్నం. అందరినీ ఒకచోట చేర్చి, నిలబడే చెప్పింది:

"మీ ఇళ్లు ఇంకా కదులుతున్నాయో, ఆగిపోయాయో తెలియాలండీ. ప్రతి పగులు మీదా అడ్డంగా ఒక సన్నని అద్దపు పట్టీ బిగిస్తాం. ముప్పై రోజులు చూస్తాం. పట్టీ పగిలితే గోడ కదులుతున్నట్టు. ఆ ఇంట్లోకి ఎవరూ పోకూడదు. పగలకపోతే ఆగినట్టు, నేను సంతకం పెడతాను, మీరు హాయిగా ఇళ్లకు పోవచ్చు. మా దగ్గర మనుషులు చాలడం లేదు. అద్దాలు కోయడం మీలో ఎవరికైనా వచ్చా?"

ఆటస్థలంలోని తలలన్నీ ఒక్కసారిగా మేస్త్రి గారి వైపు తిరిగాయి. పట్టాభిషేకాలు ఇలాగే జరుగుతాయి కాబోలునని ఆయనకు అనిపించింది.

"వచ్చమ్మా," అన్నారు ఎంతో వినయంగా. "ఏదో, కొద్దో గొప్పో."

"కొద్దో గొప్పోనా?" వెనక నుంచి ఆయన భార్య గొణిగింది. "ఇంట్లో చెప్పే లెక్క వేరేగా ఉంటుందే!"

"ముక్కలేమైనా ఉన్నాయా మేస్త్రి గారూ?" అని అడిగింది ఇంజనీరమ్మ.

"అమ్మా, ప్రస్తుతం నా దగ్గర ముక్కలు తప్ప ఇంకేమీ లేవు."

జనం నవ్వారు. ఇంజనీరమ్మ కూడా నవ్వబోయి, చేయవలసిన వీధులు ఇంకా ఎన్నో ఉన్నాయని గుర్తొచ్చి మానేసింది. ప్లాస్టరు సంచీ ఒకటి ఆయన ముందు పెట్టింది. "ఇది నీళ్లలో కలిపి, పట్టీ రెండు కొసలూ గోడకు గట్టిగా బిగించండి. బాగా గట్టిగా." అంతే చెప్పి వెళ్లిపోయింది.

మేస్త్రి గారు ఆ సంచీ వైపు చూసిన చూపు, సంగీత విద్వాంసుడి చేతికి రోకలి ఇచ్చి వాయించమంటే చూసే చూపు. అద్దాన్ని ప్లాస్టరుతో బిగించడమా! తనకు పని నేర్పిన ముసలి మేస్త్రి మొదటి రోజే చెవి మెలిపెట్టి మరీ చెప్పాడు: చుట్టూ కాస్త మెత్తదనం ఉంచరా, లేకపోతే తలుపు గట్టిగా వేసిన ప్రతిసారీ నీ అద్దం రాలుతుంది, దానితోపాటు నీ పరువూ రాలుతుంది. ప్లాస్టరులో ఇరికించిన పట్టీ బతుకెంత? గోడ తుమ్మితే చాలు, రెండు ముక్కలు. 'పాపం, చిన్నపిల్ల,' అనుకున్నారు ఆయన. 'గోడల గురించి చదువుకుంది. అద్దం మనసు ఈమెకు ఎవరు చెప్పారు?' ఈ ఆలోచనలోని లోతుకూ, ఔదార్యానికీ ఆయన ఒళ్లు పులకించింది. ఆ క్షణంలో భార్య పక్కనే ఉంటే "అసలు అది పగలడానికే కదా పెడుతున్నది?" అని అడిగి ఉండేది. కాని ఆమె కుళాయి దగ్గర, ఎత్తు వరసలో పద్నాలుగో స్థానంలో ఉంది.

ప్లాస్టరు సంచీ డేరాలో మంచం కోడు కిందికి పోయింది. అక్కడ నేల పల్లంగా ఉండి, మంచం ఒక పక్కకు ఒరుగుతుండేది. లప్పం డబ్బా బయటికి వచ్చింది.

ఆ తరువాత నాలుగు రోజులు మేస్త్రి గారి దిగ్విజయ యాత్ర సాగింది. ముందు ఆయన, వెనక ఎర్రరంగు డబ్బాతో భార్య. పగిలిన పలకల్లోంచి వేలెడు వెడల్పు పట్టీలు కోయడం, కొసల కింద లప్పం పరచడం, బొటనవేలితో నొక్కడం, అంచులను కత్తితో ఏటవాలుగా దిద్ది పైన తెల్లరంగు పూయడం ఆయన పని. అద్దం మీద ఇంటి నంబరూ, తేదీ వేయడం ఆమె పని. ఆ తెల్లరంగు కింద ఉన్నది ప్లాస్టరో, లప్పమో కనిపెట్టడం బ్రహ్మతరం కూడా కాదు. నలభై రెండు ఇళ్లలోనూ ఒకే కొలత, ఒకే నునుపు. పని ముగిశాక వీధి చివర నిలబడి వెనక్కి చూసుకుంటే, గోడలు బాగున్నా లేకపోయినా పగుళ్లు మాత్రం చాలా అందంగా ఉన్నాయని ఆయనకు తోచింది.

ఆ ఇళ్లలో పదిహేడో నంబరు ఆయన వదినది. అన్న పోయి ఎనిమిదేళ్లయింది. అప్పటి నుంచీ ఆమె కుట్టుమిషను తొక్కుతూ ఇంటిని నడుపుతోంది. వీధిలో సగం మంది వేసుకునే బట్టలు ఆమె కుట్టినవి. మిగతా సగం మందివి ఆమె వంక పెట్టినవి. పద్దెనిమిదో నంబరు మేస్త్రి గారిది. రెండిళ్లకూ నడుమ ఒకటే ఉమ్మడి గోడ. అటు ఆమె కిటికీ మూల, ఇటు వీరి వంటిల్లు. పగులు ఆ గోడను అటూ ఇటూ కూడా కప్పు నుంచి నేల దాకా చీల్చింది.

పట్టీ అతికించే రోజున వదిన నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఏమయ్యా మరిదీ, ఇంత గోడని అంత చిన్న ముక్క ఆపుతుందా?"

"ఆపడానికి కాదు వదినా. సాక్ష్యం చెప్పడానికి."

"మీ అన్న కూడా ఇలాగే మాట్లాడేవాడు. వినడానికి బ్రహ్మాండంగా ఉండేది, పనికొచ్చే ముక్క ఒక్కటీ ఉండేది కాదు."

"ముప్పై రోజులు ఓపిక పట్టు."

"ముప్పై రోజులా! ఆ డేరాలో నేల సమంగా లేదు, కుట్టు వంకర పోతోంది. మొన్న హెడ్మాస్టరు గారి చొక్కాకి ఒక చెయ్యి పొడుగైంది, తెలుసా?"

"అయ్యో, ఏమన్నారు?"

"ఏమంటాడు? ఆ చేత్తోనే ఈల పట్టుకుంటున్నాడు. దర్జాగా ఉందట." ఆమె కిటికీ మూలకేసి చూసింది. మిషను ఉండవలసిన చోట నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు మిగిలాయి. "నాకు వెలుతురు కావాలయ్యా. ఈ మూల తప్ప నాకు ఇంకెక్కడా సూదిలో దారం ఎక్కదు."

రోజులు గడిచాయి. రెండో వారంలో పక్క వీధి నుంచి కబురు వచ్చింది: అక్కడ ముప్పై పట్టీలలో ఏడు పగిలాయట. ఆ పై వీధిలో పదకొండు. మన వీధిలో మాత్రం ఒక్కటంటే ఒక్కటీ పగలలేదు. హెడ్మాస్టరు గారు దీనికి కారణం తమ వీధి పునాదులలోనూ, పౌరుల క్రమశిక్షణలోనూ ఉందని తేల్చి, కుళాయి దగ్గర అరగంట ఉపన్యసించారు. మేస్త్రి గారు ఆ ఉపన్యాసాన్ని చిరునవ్వుతో విన్నారు. అసలు కారణం చేతి పనితనంలో ఉందని ఆయనకు తెలుసు. చిత్రమేమిటంటే, ఆ విషయంలో ఆయన లెక్క అక్షరాలా నిజం.

పదిహేనో రోజున ఇంజనీరమ్మ వచ్చి గబగబా అన్ని ఇళ్లూ తిరిగింది.

"ఒక్కటీ పగలలేదా?" ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "ఈ వీధి నేల కూడా ఆ వీధుల నేలే కదా. ఆశ్చర్యంగా ఉందే!"

"అంతా చేతి చలవ తల్లీ," అన్నారు మేస్త్రి గారు.

ఆమె ఆ ముందురోజు పొద్దుటి నుంచీ కన్ను మూయలేదు. కాగితం మీద సున్నా వేసి, ఆవలించి, వెళ్లిపోయింది.

ఇక మేస్త్రి గారి కీర్తికి హద్దు లేకపోయింది. జనం ఆయనను డేరాల మధ్య ఆపి సందేహాలు అడగసాగారు. బావి పగిలితే ఏం చేయాలి? దూలం కిర్రుమంటే అర్థమేమిటి? మళ్లీ కంపిస్తుందా? వాటిలో ఒక్కదానికీ ఆయనకు జవాబు తెలియదు; అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పారు. గోడలను చేత్తో తట్టి, తల పంకించి, "ఊఁ" అనడంలో ఒక ప్రత్యేకమైన గాంభీర్యం అలవరచుకున్నారు. వదిన ఆయనకు పగుళ్ల చక్రవర్తి అని బిరుదు ఇచ్చింది. ఆమె ఎగతాళికే ఇచ్చిందని తెలిసినా, ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన దాన్ని ఒకటి రెండుసార్లు పైకి అనుకుని చూశారు. చెవికి ఇంపుగానే ఉంది.

ఇరవై తొమ్మిదో రోజు వచ్చింది. మర్నాడు ఉదయం సభ. ఇంజనీరమ్మ సంతకాలు పెడుతుంది, హెడ్మాస్టరు గారు మేస్త్రి గారికి ప్రశంసాపత్రం ఇస్తారు, నలభై రెండు కుటుంబాలూ మూటలు సర్దుకుని ఇళ్లకు పోతాయి. మధ్యాహ్నం భార్య ఇంటి నుంచి పెద్ద గిన్నె ఒకటి తెస్తానని వెళ్లి, గిన్నె లేకుండా తిరిగి వచ్చింది.

"ఏమండీ, ఒకసారి ఇంటికి రండి."

"ఏం, అద్దం పగిలిందా?" అంటూ ఆయన గభాలున లేచారు.

"పగల్లేదు. భేషుగ్గా ఉంది. అదే నాకు అర్థం కావడం లేదు. మొదట్లో ఆ పగులులో నా తలపిన్ను పట్టేది కదా? ఇప్పుడు చిటికెన వేలు పడుతోంది."

వంటింట్లో మేస్త్రి గారు కళ్లజోడు తుడుచుకుని చూశారు. పగులు నిజంగానే వెడల్పయింది. దాని మీద అద్దపు పట్టీ, ఒక్క గీత కూడా లేకుండా, కిటికీలోంచి పడే వెలుతురులో తళతళ మెరుస్తోంది. ఆయన పట్టీ కొసను వేలితో తోశారు. అది కదిలింది. ముసలి చిగుళ్లలో పన్ను కదిలినంత హాయిగా, చప్పుడు లేకుండా కదిలింది.

గోడ నెల్లాళ్లుగా జరుగుతూనే ఉంది. జరిగినప్పుడల్లా లప్పం ఎంతో మర్యాదగా సాగి దారి ఇచ్చింది. అద్దం ఏమీ ఎరగనట్టు మెరుస్తూ కూర్చుంది. తన వీధిలో ఇలాంటి సాక్షులు నలభై రెండు. ఒక్కటీ తడబడలేదు, ఒక్కటీ మాట మార్చలేదు. ఇంత నిబ్బరంగా అబద్ధమాడే సాక్షులను తయారు చేయడానికి ముప్పై ఏళ్ల అనుభవం కావలసి వచ్చింది.

"ఆ ప్లాస్టరు సంచీ ఏం చేశారు?" అంది భార్య నెమ్మదిగా.

"మంచం కోడు కింద పెట్టాను."

"అంటే నెల్లాళ్లుగా మనం దాని మీదే పడుకుంటున్నామా?"

"నడుం నొప్పి తగ్గిందన్నావుగా."

ఆమె నవ్వలేదు. ఆమె నవ్వనప్పుడు మేస్త్రి గారికి ఎప్పుడూ భయమే. ఆయన మనసులో వెంటనే ఒక మహాసభ కొలువుతీరింది. కదిలింది మన గోడ ఒక్కటేనేమో, అన్నాడు ఒక సభికుడు. సంతకం పెట్టేది ఇంజనీరమ్మ, నువ్వెవరు మధ్యన, అన్నాడు ఇంకొకడు. ప్రశంసాపత్రానికి హెడ్మాస్టరు గారు మూడు రంగుల సిరా వాడుతున్నారట, అన్నాడు మరొకడు, అసలు సంగతికి వస్తూ. ఒకటి రెండు రోజులు చూసి చెప్పవచ్చునని తీర్మానం ఆమోదం పొందబోతోంది.

అప్పుడు పగులులోంచి చప్పుడు వినిపించింది. టకటకటకటక. ఒక్క క్షణం ఆగి, మళ్లీ టకటకటకటక.

అవతలి వైపు, అదే గోడ కింద, వదిన మిషను తొక్కుతోంది.

మేస్త్రి గారు పరుగెత్తడం ఆ వీధి జనం ఎప్పుడూ చూడలేదు. ఆయన కూడా చూడలేదు. పదిహేడో నంబరు గుమ్మంలో ఆగి, రొప్పుతూ తలుపు పట్టుకున్నారు. వదిన కిటికీ మూలన కూర్చుని ఉంది. ఒళ్లో నీలిరంగు గుడ్డ, నోట్లో రెండు గుండుసూదులు.

"వదినా, బయటికి రా."

"ఈ అంచు కానివ్వు."

"ఇప్పుడే రా. రేపటిదాకా ఎవరూ లోపలికి రాకూడదన్నారు కదా!"

ఆమె సూదులు తీసి గుడ్డకు గుచ్చింది. పాదం మాత్రం ఆగలేదు. "రేపెలాగూ సంతకం పెడుతుంది. ఓ రోజు ముందొస్తే గోడకి కోపమొస్తుందా? అసలు పది రోజుల నుంచీ వస్తూనే ఉన్నానులే. చక్రవర్తి గారికి తీరిక లేక చూడలేదు."

"పది రోజులా!"

"భయపడకయ్యా. రాగానే ముందు నీ అద్దాన్నే చూస్తాను. అది పగిలిందా, నేను గడప తొక్కను. అది బాగున్నంతవరకూ నాకేం?"

"అది పగలదు వదినా."

"అదేగా నేను అంటున్నది."

"కాదు. అది పగలదు. పగలకుండా పెట్టాను నేను."

మిషను ఆగింది.

ఆయన చెప్పారు. లప్పం గురించీ, ప్లాస్టరు గురించీ, అద్దం మనసు గురించీ. చెబుతూ ఉంటే ఆ చివరి ముక్క ఆయనకే చాలా సిగ్గుగా వినిపించింది. వదిన లేచి కత్తెర కొసతో పట్టీని నెట్టి చూసింది. అది పక్కకు జరిగి, మర్యాదగా మళ్లీ తన చోటికి వచ్చింది. ఆమె పగులును కింది నుంచి పైదాకా చూసింది. మిషను వైపు చూసింది. తిట్టడానికి ఆమె నోరు తెరవడం ఆయన చూశారు. ఏ తిట్టూ సరిపోక మూసుకోవడం కూడా చూశారు.

"ఆ వైపు పట్టుకో," అంది.

ఇనుప కాళ్లతో సహా ఆ మిషనును ఇద్దరూ వీధిలోకి మోసుకొచ్చారు. మలుపు దగ్గర ఆమె చేయి జారింది. దాంతో మేస్త్రి గారు మిషను పైభాగాన్ని విప్పి తన భుజం మీదికి ఎత్తుకున్నారు. ఆటస్థలంలోకి చక్రవర్తి ప్రవేశించినప్పుడు ఆయన భుజాన కుట్టుమిషను ఉంది, మెడ మీద నీలిరంగు గుడ్డ వేలాడుతోంది, వెనక వదిన ఖాళీ ఇనుప చట్రాన్ని ఈడ్చుకొస్తోంది. హెడ్మాస్టరు గారు ఒక డేరా ముందు నిలబడి ప్రశంసాపత్రాన్ని పైకి చదివి సాధన చేస్తున్నారు.

"రావోయ్ మేస్త్రీ, సరైన సమయానికి వచ్చావు. 'నైపుణ్యానికి' తరవాత ఆగాలా, 'అబ్బురపడి' తరవాతా? ... ఇదేమిటి, మిషను ఇటు తెస్తున్నావు? పోయేది అటు కదా!"

జనం చేరారు. మేస్త్రి గారు దారిలో ఒక గంభీరమైన ప్రసంగం సిద్ధం చేసుకున్నారు. మానవుని అల్పత్వం గురించి మొదటి వాక్యం, పశ్చాత్తాపం గురించి రెండోది. తీరా నోరు తెరిస్తే వచ్చింది రెండే మాటలు.

"లప్పం పెట్టాను."

"ఎవరికి?" అన్నారు హెడ్మాస్టరు గారు.

మిగతాది విడమరచి చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. అర్థం కావడానికి అంతసేపు పట్టలేదు.

"అయితే నెల్లాళ్లుగా మేం చూస్తున్నది దేన్ని?" అని ఒక గొంతు.

"మన గోడ రాయిలా ఉందని మా అత్తగారికి రోజూ చెప్పి నమ్మిస్తున్నాను కదయ్యా!" అని ఇంకొకటి.

"మేస్త్రీ, ఇంకో పని చెయ్యి. ఇళ్లు కూడా లప్పంతోనే కట్టెయ్. భూకంపం వచ్చినా మనకు తెలియను కూడా తెలియదు."

"అది కాదురా, భూమికే అక్కడక్కడా కాస్త పూసి రమ్మను."

ఈ చివరిదానికి మేస్త్రి గారు కూడా నవ్వేశారు. ఆ పూటకు అదే ఆయన చేసిన పెద్ద తప్పు. నవ్వు చూసి జనానికి కోపం రెట్టింపయింది. ఇంకో నెల డేరాల్లో ఉండాలన్న మాట అప్పుడే అందరికీ తట్టింది. హెడ్మాస్టరు గారు పొడుగు చేతి చొక్కాలోంచి ఈల బయటికి లాగి గట్టిగా ఊదారు.

"నిశ్శబ్దం! ఏమోయ్, నువ్వు ఈ మాట చెప్పకుండా ఊరుకుంటే ఏమయ్యేది?"

"రేపు మీరంతా ఇళ్లకు పోయేవారు సార్."

 పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు వాళ్లను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నారు. వదిన చెయ్యి మిషను మీద ఉంది.

మర్నాడు ఇంజనీరమ్మ వచ్చింది. సంతకాల కోసం తెచ్చిన నలభై రెండు కాగితాలూ అట్ట మీదే ఉన్నాయి. అంతా విని, ఆమె కుళాయి గట్టు మీద కూర్చుండిపోయింది.

"ఎంత తిట్టినా పడతానమ్మా," అన్నారు మేస్త్రి గారు.

"తిట్టే ఓపిక లేదు మేస్త్రి గారూ. గట్టిగా బిగించమన్నాను, ఎందుకో చెప్పలేదు. మీరు అద్దం బతకాలని చూశారు. నేనేమో సున్నా వేసుకుని నిద్ర కోసం పోయాను." కాగితాలను ఆమె మధ్యకు మడిచింది. "ఇవన్నీ నా పేరు మీద ఉండేవి."

తిట్టి ఉంటే బాగుండేదని మేస్త్రి గారికి అనిపించింది.

రెండో యాత్రలో దిగ్విజయమేమీ లేదు. మంచం కింది నుంచి సంచీ వచ్చింది. మంచం మళ్లీ ఒరిగింది. ఈసారి ముందు భార్య నడిచింది, వెనక ఆయన. ప్రతి ఇంట్లోనూ ఇంటివాళ్లు గుమ్మం బయట నిలబడి ప్లాస్టరు ముద్దను వేలితో నొక్కి చూసి మరీ వదిలారు. "గట్టిపడిందా? నిజంగా గట్టిపడిందా?" పగుళ్ల చక్రవర్తి బిరుదు రద్దయి, లప్పం మామయ్య అన్న పేరు అమలులోకి వచ్చింది. అంతకుముందు ఆయనను మామయ్య అని పిలవనివాళ్లు కూడా పిలవసాగారు. రాజ్యం పోయింది గాని, బంధువర్గం పెరిగింది.

నాలుగో రోజు పగటి పూట ఆయన డేరా ముందు వజ్రపు కలం తుడుచుకుంటుంటే వదిన వచ్చి అరచెయ్యి చాపింది. అందులో పట్టీ రెండు ముక్కలై ఉంది. సరిగ్గా నడిమికి, శుభ్రంగా విరిగింది. పదిహేడు అన్న నంబరులోని ఒకటి ఒక ముక్క మీదా, ఏడు ఇంకో ముక్క మీదా ఉన్నాయి.

"లోపలికి వెళ్లావా?"

"గడప దగ్గర నిలబడి చూశాను. నేల మీద పడి ఉంటే కర్రతో లాక్కున్నాను. నాకు బుద్ధి లేదనుకున్నావా?"

ముప్పై ఏళ్లలో తన చేతి అద్దం పగిలినందుకు మేస్త్రి గారికి సంతోషం కలగడం అదే మొదటిసారి. 'ఎంత చక్కగా పగిలింది!' అన్న మాట నాలుక కొసదాకా వచ్చింది. దాన్ని మింగి, తల దించుకున్నారు. ఆమె ఇల్లు పోయిందని చెప్పిన ముక్కను చూసి తాను మురిసిపోతున్నారు. ఈ జన్మకు తనలో పెద్ద మార్పేమీ రాదని ఆయనకు అర్థమైంది.

ఆ సాయంత్రమే వంటింటి వైపు పట్టీ కూడా పగిలింది. నెల తిరిగేసరికి వీధిలో మొత్తం తొమ్మిది పగిలాయి. ముప్పై మూడు కుటుంబాలు ఇళ్లకు వెళ్లాయి. వెళుతూ కొందరు మేస్త్రి గారిని పలకరించారు, కొందరు పలకరించలేదు. హెడ్మాస్టరు గారు వెళ్లే ముందు ప్రశంసాపత్రాన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

"దీన్నేం చేసుకోను సార్?"

"మూడు రంగుల సిరా అయిపోయిందోయ్. పారేయబుద్ధి కాలేదు. పైగా ఇంకోసారి చదివి చూశాను. 'నలభై రెండు ఇళ్లలో పట్టీలు అమర్చి, ముప్పై రోజులలో ఒక్కటి కూడా పగలకుండా నిలిపిన అసమాన నైపుణ్యానికి అబ్బురపడి' అని ఉంది. ఇందులో అబద్ధమేదో నువ్వే చెప్పు."

మేస్త్రి గారు దాన్ని డేరా గుంజకు తగిలించారు. వచ్చినవాళ్లందరికీ తానే చదివి వినిపించేవారు, 'అబ్బురపడి' దగ్గర ఆగుతూ.

ఉమ్మడి గోడను కూల్చే రోజున నలుగురు పనివాళ్లు తాళ్లు తెచ్చారు. ముగ్గురు తాడు పట్టుకుని, నాలుగో మనిషి చేతులకు మట్టి రాసుకుంటూ ఉండగానే గోడ వంగింది. అవసరం లేని తొందరేమీ లేకుండా, పై నుంచి వరసగా, పదిహేడో నంబరు వైపే పడింది. దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది. కిటికీ మూల ఉన్న చోట మోకాలెత్తు ఇటుకల గుట్ట మిగిలింది. నాలుగు కాళ్ల గుర్తులు ఇక కనబడలేదు.

వదిన ఆ గుట్టను చూస్తూ నిలబడింది. మేస్త్రి గారు ఆమె పక్కనే నిలబడ్డారు.  భార్య వచ్చి వదిన భుజం మీద చెయ్యి వేసింది.

"పద అక్కా, మిషను ఎండలో ఉంది."

మునిసిపాలిటీ వాళ్లు ఆ తొమ్మిది కుటుంబాలకూ చెక్క గదులు కట్టించారు. వదిన గదికి ఒక కిటికీ పెట్టారు గాని, చట్రం ఖాళీగా ఉంది. పగిలిన పలకల గుట్టలోంచి మేస్త్రి గారు ఎంతో వెతికి, ఒక మూల మాత్రమే దెబ్బతిన్న పెద్ద అద్దం తీశారు. దాన్ని కొలిచి, కోసి, అంచులు నూరి, గుడ్డలో చుట్టుకుని తెచ్చారు. వదిన మిషను అప్పటికే కిటికీ కింద వేసుకుని, సూది వంక కళ్లు చిట్లించి చూస్తోంది.

మేస్త్రి గారు సంచీలోంచి రెండు డబ్బాలు తీసి నేల మీద పక్కపక్కన పెట్టారు. ఒకటి ప్లాస్టరు, ఒకటి లప్పం. ఆయన చెయ్యి వాటి మీద అటూ ఇటూ ఊగింది. నెల రోజులుగా ఆ చేతికి తన తెలివి మీద నమ్మకం పోయింది.

"ఏమిటి ఆలోచన?" అంది వదిన.

"దేనితో బిగించమంటావు వదినా?"

ఆమె తొక్కడం ఆపి, ఆయన వైపు తిరిగింది. కాసేపు ఆయన మొహాన్ని పరీక్షగా చూసింది.

"ఇది కిటికీ మరిదీ."

"కిటికీయే."

"పగలాలా, వద్దా?"

"వద్దు."

"అయితే నన్నడుగుతావేం? ముప్పై ఏళ్లు చేసిందేగా, చెయ్యి. ప్లాస్టరు ముట్టుకున్నావంటే ఈ కత్తెరతో చెవులు కోస్తాను."

మేస్త్రి గారు లప్పం డబ్బా మూత తీశారు. అవిసె నూనె వాసన గదంతా కమ్ముకుంది. ముద్దను అరచేతుల మధ్య దొర్లించి, తాడులా సాగదీసి, చట్రం చుట్టూ పరిచి, అద్దాన్ని దాని మీదికి ఆనించి, బొటనవేళ్లతో మెల్లగా నొక్కారు. అది మెత్తగా లొంగి అద్దాన్ని పట్టుకుంది. ఆయన వెనక మిషను మళ్లీ మొదలైంది. టకటకటకటక. చెక్క గోడలు సన్నగా అదిరాయి. అద్దం అదరలేదు.

ఈ పనిలో తనను మించినవాడు లేడని ఆయనకు మళ్లీ అనిపించింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఆ ఆలోచనను ఆయన అడ్డుకోలేదు.